ఆ ఇసుక ఖాళీగా లేదు

గడ్చిరోలి అడవుల్లో తుపాకుల మోత తగ్గింది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాలరావు 60 మంది సహచరులతో కలిసి ఆయుధాలు అప్పగించాక, ఇక ఈ వైపు ఎవరైనా నిర్భయంగా రావచ్చనే ధీమా పట్నాల్లో పెరిగింది. దాని వెంటే ఒక వాదన బలపడుతోంది. గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ తాలూకాకు రైలు లేదు, పెద్ద పరిశ్రమ లేదు, సరైన బాట లేదు. ఉన్నదల్లా నది, ఇసుక, గుట్ట, అడవి. కాబట్టి ఆ ఉన్నదాన్నే చూపించి బతకాలి. వేసవిలో నదులు ఎండి మైళ్ల కొద్దీ ఇసుక పరుచుకుంటుంది, అది ఎవరికీ పనికిరాని ఎడారి, జీపులు వేసుకొని సాహసం కోసం వచ్చేవాళ్లకు దాన్ని తెరిస్తే అడవి లోపలి జింగనూర్ దాకా డబ్బు చేరుతుంది. రోడ్డు బాగా లేకపోవడం కూడా వాళ్లకు ఆకర్షణే అవుతుంది. ఇదీ ఆ వాదన. ఇలా మాట్లాడేవాళ్లలో యాత్రల వీడియోలు తీసే కుర్రాళ్లున్నారు, చదువుకున్న ఉద్యోగులున్నారు, ఊరికి మంచి జరగాలని మనస్ఫూర్తిగా కోరుకునే స్థానికులూ ఉన్నారు. వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించను. వాళ్ల వాదనను మాత్రం మొదటి మాట నుంచీ ఒప్పుకోను.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి. మహారాష్ట్ర పటంలో సిరోంచ దక్షిణపు కొస. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్లకు పైగా దూరం. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర, ఇంద్రావతి సోమనూరు దగ్గర గోదావరిలో కలుస్తాయి. అవతలి ఒడ్డు ఒకచోట తెలంగాణ, ఇంకోచోట ఛత్తీస్‌గఢ్. నది పక్క ఊళ్లలో తెలుగు, అడవి లోపలికి వెళ్లేకొద్దీ మాడియా, ఆఫీసు కాగితాల మీద మరాఠీ. జింగనూర్ ఆ లోపలి పల్లెల్లో ఒకటి. పెళ్లి సంబంధాలు, సంతలు, ఆసుపత్రులు అన్నీ నది దాటి ఉన్న ప్రజలు వీళ్లు. వంతెన లేని రోజుల్లో సిరోంచ నుంచి కాళేశ్వరానికి పడవే దిక్కు. వీళ్లకు నది వాకిలి వంటిది. వాకిట్లో ఎవరు ఏం చేయాలో ఇంటివాళ్లను అడగకుండా తీర్మానించే హక్కు ఎవరికీ లేదు.

ఈ నదిని చూసి బయటివాళ్లకు ఆశ పుట్టడం ఇది మొదటిసారి కాదు. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించాక, సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్య కేంద్రమైంది. విదర్భ పత్తిని పడవల మీద సముద్రం దాకా దింపాలని అప్పట్లో పెద్ద పథకం వేశారు. నదికి అడ్డంగా ఉన్న రాతిమెట్టలను దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవల్‌మరి దగ్గర దాటించడానికి కాలువలు, లాకులు తలపెట్టారు. చివరికి 1871లో ఆ పనులు ఆపేశారు. మన కాలంలో మేడిగడ్డ బ్యారేజీ వచ్చింది. 2016 మేలో శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభం. బ్యారేజీకి ఒక కొస తెలంగాణలో, రెండో కొస సిరోంచ తాలూకాలోని పోచంపల్లిలో. నీళ్లు వాళ్లకు, ముంపు వీళ్లకు. 2023 అక్టోబర్ 21న దాని స్తంభాలు కుంగాయి. ఆ కథంతా తెలుగువాళ్లకు తెలిసిందే, దాని జోలికి ఇక్కడ పోను. నేను గుర్తు చేస్తున్నది ఒక్కటే: ప్రతిసారీ అవసరం వేరే చోటిది, ఒడ్డు మాత్రం ఇక్కడిది. జీపుల వాళ్ల ఆట ఆ పెద్ద పథకాల ముందు చిన్నదే. అయినా అదే వరుసలోది.

ఇక అసలు మాటకు వస్తాను. ఇసుక ఖాళీగా ఉందంటున్నారు. మార్చి నెలలో ఒక పూట ఆ ఇసుక మీద నడిచినవాళ్లు ఆ మాట అనలేరు. పొద్దున్నే ఆడవాళ్లు వచ్చి చెలిమె తవ్వుతారు. మోచేతి లోతు తవ్వితే అడుగున తడి, ఇంకాస్త తవ్వితే నీళ్లు ఊరతాయి. కలకనీళ్లు రెండుసార్లు తోడి పారేసి, తేటనీళ్లు ఊరేదాకా కూర్చొని, గిన్నెతో బిందె నింపుకుంటారు. బోరింగు చెడిపోయిన ఊరికి, ఎండలకు బావి అడుగంటిన గూడేనికి ఆ చెలిమే ఆధారం. నీటిని వడగట్టేది ఆ ఇసుకే. దాని మీద డీజిలు, ఇంజన్ ఆయిలు కారితే కింద ఊరే నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు తగ్గిన మేర కొన్నిచోట్ల గుంటలు తీసి, పెంట వేసి పుచ్చ, దోస పాదులు పెడతారు. పట్టా లేదు, సర్వే నంబరు లేదు. పైనుంచి చూసేవాళ్లకు అది సాగుభూమి అని తెలియదు, తీగ సాగేదాకా దగ్గర నిలబడి చూసినా తెలియదు. ఇంకాస్త లోపల నది పూర్తిగా ఎండని చోట మడుగులు ఉంటాయి. వాన పడేదాకా తల్లిచేపలు అందులోనే తలదాచుకుంటాయి. మడుగుకీ మడుగుకీ మధ్య పాదం మునిగేంత పలుచగా నీళ్లు పారుతుంటాయి. వీడియోలలో చిమ్ముకొచ్చే నీళ్లు చూపించడానికి బండ్లు దూకించేది సరిగ్గా అక్కడే.

మనుషుల సంగతి సరే, ఆ ఇసుకలో కాపురం పెట్టే ప్రాణులు వేరే ఉన్నాయి. రివర్ టెర్న్ అనే పిట్ట ఉంది, నల్లని తల, పసుపు ముక్కు, కత్తెర వంటి తోక. ప్రపంచవ్యాప్తంగా దాని ఉనికికి ముప్పు ఉందని ప్రకృతి పరిరక్షణ సంస్థలు గుర్తించాయి. అది చెట్టు మీద గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే రెండు మూడు గుడ్లు పెడుతుంది. తీతువులదీ అదే పద్ధతి. ఆ గుడ్ల రంగు, మచ్చలు ఇసుకలో, గులకరాళ్లలో కలిసిపోయేటట్టు ఉంటాయి. నక్క కళ్లుగప్పడానికి ప్రకృతి ఇచ్చిన ఆ రక్షణే బండి చక్రం ముందు శాపమవుతుంది. తోలేవాడికి గుడ్డు కనిపించదు, తొక్కినట్టు కూడా తెలియదు. తొక్కకపోయినా హాని తప్పదు. మిట్టమధ్యాహ్నం తల్లిపిట్ట గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. ఇంజను మోతకు అది లేచిపోయి కాసేపు ఆకాశంలో తిరుగుతూ ఉండిపోతే, కాలే ఇసుకలో గుడ్లు పాడైపోతాయి. తాబేళ్లు కూడా ఇసుకగట్లలోనే గుడ్లు పాతిపెడతాయి. దక్షిణాది నదులకే పరిమితమైన లీత్ మెత్తపెంకు తాబేలు ఇప్పుడు అంతరించే అంచున ఉంది.

పిట్టలు ఇసుకలో గుడ్లు పెట్టేది మార్చి నుంచి మే దాకా. నదిలోకి బండి దిగగలిగే కాలమూ అదే. జాగ్రత్తగా తోలుతాం, చెత్త వేయం, అడవిని ప్రేమిస్తాం అనే మాటలు నేను వింటూనే ఉన్నాను. ఎంత జాగ్రత్తపరుడైనా కాలాన్ని మార్చలేడు. ఇసుకలో కూరుకుపోకుండా టైరులో గాలి తగ్గించి, దాన్ని వెడల్పు చేసి తోలడం ఈ ఆటలో మొదటి పాఠం. వెడల్పయిన టైరు ఇంకాస్త ఎక్కువ మేర తొక్కుతుంది. తప్పు తోలేవాడి గుణంలో లేదు, ఆ ఆటలోనే ఉంది.

ఈ నేల కింద ఇంకొకటి ఉంది, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మేడిగడ్డ బ్యారేజీ ఒక కొస ఆనుకున్న పోచంపల్లి పేరు పైన చెప్పాను. ఆ ఊరి పొలిమేరల్లోనే కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఒక మహాకాయ డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. ఆ ఎముకలు సుమారు 300. తవ్వకాలు జరుగుతున్న 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. ఆ గౌరవంతో 1975లో ఆ జంతువుకు బరాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. బెంగాలీలో పెద్ద కాలు అనే అర్థం వచ్చే మాట ఆ పేరు మొదట్లో ఉంది. ఆ అస్థిపంజరం ఇప్పటికీ కలకత్తాలో నిలబడి ఉంది. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే చిన్న ఊరి పేరు మీదే ప్రపంచమంతా ఆ రాతిపొరలను కోటా ఫార్మేషన్ అని పిలుస్తుంది. అవతల తెలంగాణ ఒడ్డున యామనపల్లిలో దొరికిన ఇంకో డైనోసార్‌కు కోటాసారస్ అని ఈ కోట పేరే వచ్చింది. వడధం దగ్గర శిలాజాల పార్కు ఏర్పాటు చేశారు. అయితే శిలాజాలు పార్కు కంచె లోపలే లేవు. వాగు కోసిన గట్లలో, ఎర్రమట్టి వాలుల్లో, పొలం గట్ల కింద ఎక్కడైనా బయటపడతాయి. ప్రతి వానకు కాస్త మట్టి కొట్టుకుపోయి కొత్త ముక్కలు తేలుతుంటాయి. జీపువాడికి ఆ వాలు ఎక్కడమే సరదా. మట్టివాలు మీద చక్రాలు జారుతూ గిర్రున తిరిగితే పైపొర లేచిపోతుంది, ఆ గాడిలో వాననీళ్లు పడి మరుసటి ఏడాదికి కాలువవుతుంది. కోట్ల ఏళ్లుగా అక్కడే ఉన్న ఎముక ఒక మధ్యాహ్నంలో పొడి అవుతుంది.

ఈ సిరోంచ అటవీ డివిజన్‌లోనే 2013లో కొలామార్కను అడవిగేదెల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, సుమారు 180 చదరపు కిలోమీటర్లు. మధ్య భారతంలో అసలైన అడవిగేదె వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే మిగిలింది, వాటిలో ఇంద్రావతికి అటూ ఇటూ ఉన్న ఈ అడవులు ముఖ్యమైనవి. ప్రాణహిత అవతలి గట్టున, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నట్టు 2013లో గుర్తించారు. దేశమంతా రాబందులు తుడిచిపెట్టుకుపోయాక మిగిలిన కొద్ది జాగాల్లో అదొకటి. వీటి గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ నాకు వీటన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది మరో వాదన.

రోడ్డు లేకపోవడమే ఆకర్షణ అంటున్నారు. ఈ ఒక్క మాటను నేను సహించలేను. వానాకాలంలో గడ్చిరోలి జిల్లాలో ఏం జరుగుతుందో పేపర్లు చదివే ప్రతివారికీ తెలుసు. పర్లకోట నది పొంగితే భామ్రాగడ్ ఊరు ఊరంతా మిగతా లోకానికి దూరమైపోతుంది. వాగులు పొంగితే నిండు గర్భిణిని మంచం మీద పడుకోబెట్టి, నలుగురు భుజాన మోసుకొని నడుములోతు నీళ్లు దాటుతారు. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరినప్పుడు, పైన సిరోంచ పల్లెలు ఏమయ్యాయో తెలుగు పేపర్లలో లోపలి పేజీల్లో రెండు ముక్కలు వచ్చాయి, అంతే. జింగనూర్ వంటి ఊళ్లలో బతుకు అంటే ఆ బాట ఈ రోజు ఉంటుందా లేదా అన్నదే. బడికి మాస్టారు వస్తారా, రేషను బియ్యం లారీ వస్తుందా, పాము కరిచినవాడు సిరోంచ చేరతాడా అన్నవన్నీ ఆ తొవ్వ మీదే ఆధారపడి ఉంటాయి. పట్నం మనిషికి ఆ గుంతల్లో రెండు రోజులు ఊగడం ముచ్చట కావచ్చు, ఆయన సోమవారం తారురోడ్డు మీదికి వెళ్లిపోతాడు. ఇక్కడివాళ్లకు సోమవారం కూడా అదే గుంత.

ఇందులో ఇంకో ప్రమాదం దాగి ఉంది. దాన్ని ఎవరూ మాట్లాడటం లేదు. బాట చెడ్డగా ఉండటం వల్ల ఒక వ్యాపారం నడుస్తోందనుకోండి, ఆ బాట బాగుపడితే ఆ వ్యాపారం పోతుంది. అప్పుడు మంచి బాట వద్దనే పక్షం ఒకటి తయారవుతుంది. ఊళ్లో ఒకరిద్దరు, ఊరి బయట పదిమంది. వంతెన కోసం తిరిగే సర్పంచికి ఎదురు మాట్లాడేవాళ్లు పుడతారు. అసలే వాయిదాల మీద వాయిదాలు పడే పనికి మంచి సాకు దొరుకుతుంది. పైగా మట్టిబాట మీద బరువైన బండ్లు వరుసగా పోతే పడే గాడి ఎండకు గట్టిపడి, తొలకరికి నీటికాలువగా మారుతుంది. ఎడ్లబండి, సైకిలు, మోటారు సైకిలు ఆ గాడిలో నడవవు. దారి చెడగొట్టినవాళ్లు దారి బాగు చేయడానికి రారు.

ఉపాధి వస్తుందన్న మాటకు కూడా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఉపాధి నిజంగానే కరువు. తునికాకు నాలుగు వారాల పని, ఇప్పపువ్వు ఇంకొన్నాళ్లు, తర్వాత మిరప కోతలకు నది దాటి తెలంగాణకు వలస. అలాంటి చోట ఏ ఆదాయాన్నీ తేలిగ్గా కాదనకూడదు. కానీ ఈ ఆటలో డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో చూడండి. బండి హైదరాబాదులోనో నాగపూర్‌లోనో కొంటారు, పెద్ద టైర్లు, ఇనుప బంపర్లు, లాగే తాళ్లు అక్కడే బిగించుకుంటారు. డీజిలు పెద్ద రోడ్డు మీద నింపుకుంటారు. డేరా, చాప, పొయ్యి, తిండి, తాగేనీళ్లు అన్నీ వెంట తెచ్చుకుంటారు, ఎవరి మీదా ఆధారపడకుండా ఉండటమే ఈ ఆటలో గొప్పతనం కనుక. ఊరికి మిగిలేది ఇసుకలో దిగబడిన బండిని లాగడానికి ట్రాక్టరు కిరాయి. దాని పక్కన 2022 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాణహిత పుష్కరాలను పెట్టి చూడండి. పన్నెండు రోజులు. సిరోంచ రేవుల్లో బస్సు దిగి నడిచి వచ్చిన భక్తుడు కొబ్బరికాయ కొన్నాడు, టీ తాగాడు, ఆటో ఎక్కాడు, పడవ ఎక్కాడు, మధ్యాహ్నం భోజనం చేశాడు. నడిచి వచ్చేవాడి డబ్బు దారి పొడుగునా పంచుకుపోతుంది.

పర్యటనతో గండికోట బాగుపడిందని చూపించి వాదించేవాళ్లకు నేను గండికోటనే చూపిస్తాను. ఎర్రమల కొండల మధ్య పెన్నా కోసిన ఆ లోయ తెలుగునేల మీద నిజమైన ఎడారి లోయకు అతి దగ్గరి రూపం. వానలు తక్కువైన కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర, నిటారుగా నిలిచిన ఎర్రని బండల మధ్య నది. 2024లో దాని అభివృద్ధికి కేంద్రం 77.91 కోట్లు మంజూరు చేసింది. అక్కడికి వచ్చేవాళ్లు ఏం చేస్తారు? కోటగోడ మీంచి నడుస్తారు, మాధవరాయస్వామి గుడి చూస్తారు, జామియా మసీదు చూస్తారు, ధాన్యాగారం చూస్తారు, బండ అంచున కూర్చొని పొద్దుగూకడం చూస్తారు. లోయ గొప్పతనమంతా ఒడ్డున నిలబడి కళ్లారా చూడటంలో ఉంది. అడుగున నదిలోకి జీపు దింపమని ఎవరూ అడగలేదు, దింపనందువల్ల గండికోటకు జనం రావడం తగ్గలేదు. అక్కడ సరిపోయిన పద్ధతి సోమనూరు సంగమం దగ్గర ఎందుకు సరిపోదు?

మోటారు బండిని ప్రాణంగా చూసుకునే అమెరికాలో కూడా ఈ తగాదా నడిచింది. యాభై ఏళ్ల కిందటే, 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వ భూముల్లో రోడ్డు వదిలి తిరిగే వాహనాలను ఎక్కడ అనుమతించాలో, ఎక్కడ కూడదో తేల్చమని ఆదేశం ఇచ్చాడు. యూటా రాష్ట్రంలో రికాప్చర్ కాన్యన్ అనే ఎడారి లోయ ఉంది, ప్రాచీన పుయెబ్లో ప్రజల ఇళ్ల శిథిలాలు అందులో ఉన్నాయి. 2007లో అక్కడ మోటారు వాహనాలను ఆపేశారు. 2014 మేలో ఆ కౌంటీ కమిషనర్ ఫిల్ లైమన్ స్వయంగా జనాన్ని వెంటేసుకొని నిషేధాన్ని ధిక్కరిస్తూ బండ్లు తోలాడు. కోర్టు అతన్ని దోషిగా తేల్చి పది రోజుల జైలుశిక్ష వేసింది, 2020 చివర్లో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. అతని పక్షానికి ఒక మాట ఉంది, దాన్ని దాచను: ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాళ్లు మా లోయకు తాళం వేస్తారా అన్నది వాళ్ల కోపం. ఆ కోపంలో న్యాయం ఎంతో ఆ దేశం వాళ్లు తేల్చుకుంటారు. సిరోంచలో పరిస్థితి దానికి తలకిందులు. ఇక్కడ బండ్లతో వచ్చేవాళ్లే దూరపువాళ్లు, వద్దనే హక్కు ఉన్నది ఒడ్డువాళ్లకు.

ఆ హక్కు ఊహ కాదు, చట్టం. సిరోంచ తాలూకా రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వస్తుంది. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన పరిసరాల మీద మాట చెల్లే అధికారం ఇచ్చాయి. ఇదే గడ్చిరోలి జిల్లాలో ధానోరా తాలూకాలోని మెండా అనే చిన్న గోండు పల్లె, ఢిల్లీ ముంబయిల్లో మా ప్రభుత్వం, మా ఊళ్లో మేమే ప్రభుత్వం అని దేశానికి చాటి, 2009లో తన అడవి మీద సామూహిక హక్కు పత్రం సాధించుకుంది. జింగనూర్‌కు ఆ దారి కొత్తది కాదు, దూరమూ కాదు. సాహస పర్యటన ప్రతిపాదనలు పట్నంలో హోటల్ గదుల్లో కాకుండా గ్రామసభలో, మాడియాలో, తెలుగులో చర్చకు రావాలి. ఆడవాళ్లు కూర్చున్న సభలో రావాలి, చెలిమె ఎక్కడ తవ్వుతారో వాళ్లకే తెలుసు కనుక.

ఇసుక లారీలు రోజూ నదిని తొక్కుతుంటే నాలుగు జీపుల మీద ఈ రాద్ధాంతం ఎందుకని అడుగుతారు. లారీలు చేస్తున్న నష్టం జీపుల కన్నా చాలా పెద్దది, అందులో సందేహం లేదు. ఒక పెద్ద దెబ్బ తగిలినవాడికి ఇంకో చిన్న దెబ్బ కొట్టడం న్యాయమవుతుందా? పైగా లారీవాడు ఇది సాహసమని, ప్రకృతి ప్రేమ అని చెప్పుకోడు. జీపువాడి ఆటకు ఆ పేరు రావడంతోనే దాన్ని అడ్డుకోవడం కష్టమవుతుంది, అందుకే ముందే అడ్డుచెప్పాలి. 2023 డిసెంబర్‌లో హిమాచల్‌లోని లాహౌల్ దగ్గర ఒకాయన చంద్రా నదిలో నుంచి జీపు తోలుకుపోయిన వీడియో దేశమంతా తిరిగింది, పోలీసులు జరిమానా వేశారు. చూసినవాళ్లలో చాలామందికి అది వీరత్వంగానే తోచింది. ఆ ముచ్చట సిరోంచకు చేరకముందే ఇక్కడ నియమం ఉండాలి.

మనుషులు రావద్దని నేను అనడం లేదు. రావాలి. కోట ఊరి రాతిపొరలు తెలుగు పిల్లలు బడి యాత్రగా వచ్చి చూడాలి. వడధం పార్కులో తెలుగులో, మాడియాలో చెప్పగల స్థానిక యువకులకు జీతం ఇచ్చి పని ఇవ్వాలి. సంగమం దగ్గర పడవ నడిపేవాళ్లకు లైఫ్ జాకెట్లు, లైసెన్సులు ఇప్పించాలి. గూడెంలో రాత్రి ఉండదలచినవాళ్లు ఆ ఇంటి వంట తిని, ఆ ఇంటికే డబ్బు ఇవ్వాలి. ఇవన్నీ బాట బాగుంటేనే సాధ్యం. కనుక జింగనూర్ నుంచి సిరోంచ దాకా వానాకాలం అర్ధరాత్రి కూడా అంబులెన్సు ఆగని రోడ్డు, వాగుల మీద వరదకు మునగని వంతెనలు మొదట కావాలి. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి, ఒడ్డుకు జనం ఎలాగూ లక్షల్లో వస్తారు. ఆలోగా రేవుల దగ్గర బండ్లు నదిలోకి దిగే వాలులను కందకం తవ్వి మూసేయాలి, పడవలకూ, ఎడ్లబండ్లకూ, నీళ్లకు వెళ్లే ఆడవాళ్లకూ మాత్రం దారి వదలాలి. ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నదిలో సరదా కోసం వాహనం తిరగరాదని గ్రామసభలు తీర్మానించాలి, తహసీల్దారు కార్యాలయం, అటవీశాఖ దాన్ని అమలు చేయాలి. నది రెండు రాష్ట్రాలది కాబట్టి ఎదుటి ఒడ్డున భూపాలపల్లి జిల్లా మహదేవ్‌పూర్ మండలంలోనూ అదే నియమం పెట్టకపోతే ఇక్కడి కందకాలు వృథా. ఆ మాట భూపాలపల్లి కలెక్టరుతో గడ్చిరోలి కలెక్టరు ఈ వేసవికి ముందే మాట్లాడాలి.